ఎవరూ పైకి వెళ్ళకూడదు

వాళ్ళ నాన్న నడిపిన మంచు మీది మోటారుబండి మీద కప్పిన గుడ్డని మా అమ్మాయి టెస్సా తీసిన రోజు నుంచీ నాకు తిండి సహించడం లేదు.

మూడేళ్ళ కిందట ఇదే మార్చిలో నా మొగుడు డ్వేన్ కొండ మీద చచ్చిపోయాడు. స్నేహితుడు ఆర్నీ బండి వాలు మధ్యలో మంచులో కూరుకుపోయింది. లాగుదామని డ్వేన్ తన బండేసుకుని పైకి వెళ్ళాడు. రెండు బండ్ల బరువుకి మంచు తెగి కిందికి జారింది. ఆర్నీ పక్కకి విసిరేసినట్టు పడి బతికాడు, డ్వేన్ పూడిపోయాడు. మా ఊళ్ళో ఒకడి బండి కూరుకుపోతే ఇంకొకడు పరిగెత్తి లాగాలి. వెళ్ళనివాణ్ణి పిరికివాడంటారు. ఆ మర్యాద మండిపోను!

టెస్సా ఆ బండి మీద కొండకి వెళ్ళి తీరతానంది; ఒంటరిగా పంపలేక నేనూ ఆర్నీ శనివారం తోడు వెళ్తామన్నాం. శుక్రవారం మధ్యాహ్నం వంటింటి బల్ల మీద మ్యాపు పరిచాను. ఆర్నీ డోనట్ల పెట్టెతో వచ్చాడు. మంచుచరియల హెచ్చరికలో ప్రమాదస్థాయి ఐదుకి మూడు అని ఉంది.

"మూడే కదమ్మా, సగమే," అంది టెస్సా.

"సగం చావు అంటూ ఉంటుందా? నోర్మూసుకుని రాసుకో."

పార, మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ, ఛాతీకి కట్టుకునే బీకన్ ముగ్గురికీ ఉండాలి. పూడిపోయినవాడి జాడ చెప్పేది ఆ బీకనే. రెండింటికల్లా వెనక్కి తిరగాలి. ఐదింటికి మేము రాకపోతే మా అక్క రక్షకదళానికి ఫోన్ చేస్తుంది. దారంతా చెట్ల మధ్యే. ఒక్కచోట మాత్రం చిన్న వాలు అడ్డంగా దాటాలి, అదీ ఒక్కొక్కరుగా.

"ఎవరి బండి కూరుకుపోయినా ఎవరూ వెళ్ళకూడదు. వాళ్ళే తవ్వుకోవాలి," అన్నాను.

"నేను కూరుకుపోయినా రావా? కన్నతల్లివేనా నువ్వు?" అని నవ్వింది టెస్సా.

నాకు నవ్వు రాలేదు. ఆర్నీ కూడా నవ్వలేదు. డోనట్ చేతిలోనే పట్టుకుని, "కూరుకుపోయినవాళ్ళు చేతులు రెండూ తల మీద అడ్డంగా పెట్టాలి. రావద్దని గుర్తు. అది కూడా రాయమ్మా," అన్నాడు.

శనివారం ఎండ కాసింది. బండ్లు దింపిన చోటే బీకన్లు ఒకటికి రెండుసార్లు చూశాను. "పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా అమ్మా?" అని టెస్సా విసుక్కుంది. పదకొండింటికి ఆ వాలు దగ్గరికి చేరాం. రాత్రి గాలికి కొత్త మంచు దిబ్బలుగా పేరుకుని ఉంది. నేను ముందు వెళ్తానని చెప్పేలోపే పిల్ల బండిని వాలు మీదికి ఉరికించింది.

సగం దూరంలో బండి ముక్కు పైకి లేచి, వెనకభాగం దిగబడి ఆగిపోయింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. పిల్ల నెత్తిన మూడు నిలువుల మంచుగట్టు వేలాడుతోంది. టెస్సా దిగింది, నడుము దాకా మునిగింది. మా వైపు తిరిగి చేతులు రెండూ తల మీద అడ్డంగా పెట్టింది. తర్వాత పార తీసింది.

దాని ఎత్తెంత, బలమెంత? పది నిమిషాలు తవ్వింది. బండి కదల్లేదు. ఎక్కడో లోపల మంచు ధబ్‌మని కుంగిన చప్పుడు వినపడింది. నియమం పెట్టింది నేనే, అయితే ఏమిటి? అక్కడున్నది నా కూతురు. బండెక్కి స్టార్టు చేశాను.

ఆర్నీ నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తాళం ఇవ్వు నోరీన్."

"తప్పుకో. నీ కోసం డ్వేన్ వచ్చాడు. నా కూతురి కోసం నేను వెళ్ళొద్దా?"

"డ్వేన్ తనంతట తను రాలేదు," అన్నాడు. "కింద ఆగి ఆలోచించాడు. భయంతో నేనే చెయ్యి ఊపి పిలిచాను. మూడేళ్ళుగా నీకు అబద్ధం చెప్పాను. నన్ను తర్వాత చంపుకో. ముందు ఆ తాళం ఇవ్వు."

చంపేయాలనే అనిపించింది. కానీ కూతురు పైన ఉంది, అరవడానికి కూడా భయం. బండి ఆపి తాళం అతని గుప్పిట్లో పెట్టి, మంచులో కూలబడ్డాను. అంత అసహ్యించుకుంటూనే అతని పక్కనే కూర్చుని, పిల్ల పార ఎత్తిన ప్రతిసారీ లెక్కపెట్టాను. రెండొందల పన్నెండు.

అప్పుడు బండి గర్జించింది. టెస్సా వచ్చిన జాడలోనే వెనక్కి తిప్పుకుని, ఒక్క ఊపున చెట్లలోకి వచ్చి పడింది. చెంప మీద ఒకటి కొట్టి, అదే చేత్తో గట్టిగా వాటేసుకున్నాను.

"అమ్మా, చెయ్యి ఊపి మిమ్మల్ని పిలవాలనిపించింది," అని ఏడ్చింది. "చప్పుడు వినపడ్డాక చెయ్యి సగం లేపాను కూడా. రాసుకున్నది గుర్తొచ్చి దించేశాను. ఎంత పిరికిదాన్నమ్మా నేను!"

ఆర్నీ అటు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి. డ్వేన్ పోయిన రోజు అతనికి గుర్తు చేయడానికి ఎవరూ ఏమీ రాసి ఇవ్వలేదు.

"అక్కడుంటే ఎవరికైనా అనిపిస్తుందే, ఎవరికైనా," అన్నాను, అతనికి వినపడేలా.