కడ్డీకి కట్టిన పేలిక

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెను అందరూ ప్రశ్నలపిల్ల అనేవారు. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. పనిచేసే చోట మనుషులు ఎలా నడుచుకుంటారన్నది ఆమె చదువు. అందులోనూ, కళ్లెదుట తప్పు జరుగుతున్నా ఉద్యోగులు ఎందుకు నోరు విప్పరన్నది ఆమె పరిశోధన. పిన్ని అక్కడే ఇస్త్రీ మిషన్ మీద పనిచేస్తుంది కాబట్టి లోపలికి దారి దొరికింది. ఉండటం కూడా పిన్ని ఇంట్లోనే.

"మా అక్క కూతురు. మనం మాట్లాడుకునేవన్నీ వింటుందట. దాన్నే చదువంటారట," అని పిన్ని పరిచయం చేస్తే మిషన్ దగ్గరి ఆడవాళ్లు పగలబడి నవ్వారు.

"అయితే మా ఆయన సంగతులు చెప్తాను విను. రెండు డిగ్రీలకు సరిపోతాయి," అంది దుప్పట్లు మడతపెట్టే ఆవిడ.

ఎవరేం చెప్పినా అది తన దగ్గరే ఉంటుందని ప్రశ్నలపిల్ల అందరికీ మాట ఇచ్చింది. వాళ్లు నమ్మారు. కొద్దిరోజుల్లోనే ఆమె ముందు తిట్టుకోవడానికి, అలసిపోయి కూలబడటానికి, మేనేజరు నడకను అనుకరించడానికి ఎవరికీ మొహమాటం లేకుండా పోయింది.

ఇస్త్రీ మిషన్ అంటే ఇంట్లో పెట్టెలాంటిది కాదు. మనిషి పొడవున్న రోలర్లు సెగలు కక్కుతూ తిరుగుతుంటాయి. ఇటునుంచి తడి దుప్పటి అందిస్తే అటు మడత లేకుండా వస్తుంది. రోలర్ల ముందు అడ్డంగా సన్నటి కడ్డీ ఒకటుంది. పొరపాటున చెయ్యి ముందుకు పోతే ఆ కడ్డీకి తగులుతుంది, మిషన్ టక్కున ఆగిపోతుంది. అయితే దుప్పటి అంచు మందంగా ఉన్నా తగులుతుంది, అప్పుడూ ఆగుతుంది. ఆగినప్పుడల్లా రోజుకిన్ని దుప్పట్లన్న పని లెక్క వెనకబడుతుంది. అందుకని ఆ కడ్డీ కదలకుండా చిరిగిన దుప్పటి పేలికతో బిగించి కట్టేశారు.

అది అందరికీ తెలుసు. అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. నేను వచ్చేసరికే ఉందన్నారొకరు. విప్పితే సాయంత్రం దాకా ఇక్కడే పడుండాలన్నారు ఇంకొకరు. "మేనేజరుకు తెలీదంటావా? ఆయన కళ్లు మూసుకుంటాడు, మేం నోరు మూసుకుంటాం," అని నవ్వేసింది మడతలావిడ. పరిశోధనకు ఇంతకంటే ఏం కావాలి అనుకుంది ప్రశ్నలపిల్ల. లోలోపల ఆనందపడింది కూడా.

ఒక మధ్యాహ్నం తడి దుప్పటి కొస పిన్ని మణికట్టుకు చుట్టుకుంది. రోలర్లు దుప్పటితోపాటు చేతినీ లాక్కుపోయాయి. పక్కనున్న మడతలావిడ కేక పెట్టి, రెండు చేతులా దుప్పటిని వెనక్కి గుంజింది. పిన్ని చెయ్యి బయటపడింది. వేళ్ల కొసలు కమిలిపోయాయి, అంతే. పిన్ని చన్నీళ్లలో చెయ్యి ముంచి, చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ మిషన్ ముందు నిలబడింది.

"పిన్నీ, ఇప్పుడైనా చెప్పు ఎవరికైనా."

"ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా. నువ్వేం చూడలేదు, నేనేం చెప్పలేదు. సరేనా?"

ప్రశ్నలపిల్లకు ఆ తరవాత పని సాగలేదు. కళ్లు మూసుకుంటే ఆ చెయ్యే కనిపించేది. యూనివర్సిటీకి వెళ్లి గైడు మేడమ్‌కు జరిగిందంతా చెప్పింది.

"ఇలాంటివి ఎథిక్స్ కమిటీ ముందు పెట్టాలి. వచ్చే నెల కూర్చుంటారు," అన్నారు మేడమ్. "తొందరపడి మేనేజరు దగ్గరికి వెళ్లకు. వాళ్లకు మాటిచ్చావు. పైగా నిన్ను మళ్లీ గేటు దాటనివ్వరు."

"ఈలోగా ఏమన్నా అయితే, మేడమ్?"

"ఇన్నాళ్లూ కాలేదుగా," అన్నారు మేడమ్.

పిన్ని అన్న మాటే అది. బస్సులో తిరిగొస్తూ తేల్చుకుంది. మర్నాడు నేరుగా మేనేజరు గదికి వెళ్లి, ఎవరి పేరూ ఎత్తకుండా కడ్డీ సంగతి చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచి మరీ కృతజ్ఞతలు చెప్పాడు. మొదటిసారి వింటున్నట్టు నొసలు ముడిచాడు.

"ఎవరు కట్టారంటారు?"

"నాకు తెలీదండీ. ఎవరు కట్టారన్నది కాదు, పని లెక్క అంత ఎక్కువ పెడితే..."

"అర్థమైంది. నేను చూసుకుంటాను."

చూసుకున్నాడు. మర్నాటికి పేలిక లేదు. పెద్దాయన కూడా లేడు. పెద్దాయన అంటే ఆ విభాగం సూపర్‌వైజరు. ఎవరికైనా తలనొప్పి వస్తే తనే మిషన్ ముందు నిలబడి పని కానిచ్చే మనిషి. భద్రతను నిర్లక్ష్యం చేశాడని పనిలోంచి తీసేశారు. పని లెక్క మాత్రం రవ్వంత తగ్గించలేదు. మిషన్ ఆగుతూ, సాగుతూ నడుస్తుంటే ఆడవాళ్లు చీకటి పడేదాకా నిలబడి లెక్క పూర్తిచేశారు.

ప్రశ్నలపిల్ల లోపలికి రాగానే మాటలు ఆగిపోయేవి. తిట్లూ లేవు, నవ్వులూ లేవు. మడతలావిడ ఆమెను చూసి, "రండి మేడమ్, కూర్చోండి," అంది. ఆ 'మేడమ్' చెంపదెబ్బలా తగిలింది. ఇంట్లో పిన్ని కంచం ముందు పెట్టేది, గది ఊడ్చేది, బట్టలు ఆరేసేది. పలకరింపు మాత్రం లేదు.

"నీ చెయ్యి పోయేది పిన్నీ!" అని ఏడ్చింది ఒకరోజు.

పిన్ని కమిలిన వేళ్లు ముడుచుకుంది. "పోలేదుగా. ఉద్యోగం పోయిందాయనది."

జరగని ప్రమాదాన్ని ఎవరికి చూపించగలదు?

ఉండబట్టలేక ఆదివారం పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన భార్య తలుపు సగమే తీసింది. వెనకనుంచి పెద్దాయన, "రానీ," అన్నాడు. కుర్చీ చూపించాడు గానీ ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు.

"నన్ను క్షమించండి. మీ పేరు చెప్పలేదండీ, నిజంగా."

"తెలుసమ్మా. ఆ పేలిక కట్టింది నేనే. లెక్క తగ్గితే పైనుంచి చీవాట్లు పడేవి, ఆ ఆడవాళ్ల మొహాలు చూడలేక కట్టాను. తప్పే. అందరినీ పిలిచి కూర్చోబెట్టి ఎన్నెన్ని అడిగావు! ఎందుకు మాట్లాడరు, ఎందుకు భయం అని. నువ్వు మేనేజరు గదికి వెళ్లేముందు మాత్రం ఒక్కరినీ పిలవలేదు. పిలిస్తే నేను వచ్చేవాణ్ణేమో."

"వచ్చేవారా?"

"ఏమో. రాకపోదునేమో కూడా. అడిగుంటే తెలిసేది."

ఆయన కోపంగా అని ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. దారంతా తలొంచుకుని నడిచింది. ఎవరికి వారు ఒంటరిగా భయపడుతుంటారని ఎన్ని పుస్తకాల్లో చదివింది! తనూ వాళ్లలాగే భయపడింది, ఒంటరిగానే వెళ్లింది. ఆ సాయంత్రం పెద్దాయన మాటలన్నీ పిన్నికి చెప్పింది. పిన్ని విన్నది, పక్క వేసుకుని అటు తిరిగి పడుకుంది.

తరవాతి వారం లాండ్రీకి వెళ్లేసరికి ఇస్త్రీ మిషన్ ఆగి ఉంది. ముందు ఒక్కరూ లేరు. మేనేజరు గది తలుపు వేసి ఉంది. అద్దంలోంచి వీపులు కనిపిస్తున్నాయి: మడతలావిడ, బట్టలు తూచే అతను, ఇంకా కొందరు. అందరికంటే ముందు పిన్ని. ఆమె చెయ్యి గాల్లో ఆడుతోంది. మాట ఒక్కటీ బయటికి వినిపించలేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. పని లెక్క తగ్గించారని ఆ తరవాత గేటు కాపలా అతను చెప్పాడు. పెద్దాయన్ని మాత్రం వెనక్కి తీసుకోలేదట. మేనేజరు మీద ఈగ వాలలేదు.

ఇంటికి నడుస్తుంటే పిన్ని వీధి మలుపులో ఆగి, కూరగాయల సంచీ ఆమె చేతికిచ్చింది. పెద్దాయన ఉద్యోగం పోయాక పిన్ని ఆమెకు ఒక పని అప్పజెప్పడం అదే మొదటిసారి. ప్రశ్నలపిల్లకు ప్రాణం లేచొచ్చింది.

"పిన్నీ, లోపల ఏం మాట్లాడారు? ముందు ఎవరు మొదలుపెట్టారు?"

పిన్ని ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, మునుపటి చనువూ లేదు.

"అది నీకు చెప్పనే," అని ముందుకు నడిచింది.