దూరం చివర తీసిన ఫోటోలు

పోయిన మార్చి పదకొండు, ఆదివారం. ఆ మధ్యాహ్నం కొండ మీద మేం తిన్నది బ్రెడ్డు, ఉడికించిన కోడిగుడ్లు, అరటిపళ్ళు. మేం అన్నాను గానీ, తిన్నది మా ఆయనా అత్తయ్యా. తెల్లవారకముందే లేచి గుడ్లు ఉడకబెట్టి, ఉప్పు పొట్లం కట్టిన నాకు తినడానికి చేతులు ఖాళీ లేవు. కుడిచేతిలో పొడుగు లెన్సు, ఎడమచేతిలో పొట్టి లెన్సు తాలూకు మూతలు, మెడలో బ్యాగు. ఆయన ఏ క్షణాన ఏది అడుగుతాడో తెలియదు. అడిగినప్పుడు అందలేదా, వెళ్ళిపోయిన మబ్బుకీ ఎగిరిపోయిన పక్షికీ జవాబుదారీ నేనే.

"మా కోడలు మావాడికి మూడో చెయ్యి" అంది అత్తయ్య, గుడ్డు నములుతూ, పక్క బెంచీ మీదావిడతో. పొగడ్తే అనుకుంది పాపం.

ఆ పక్కావిడ నవ్వలేదు. నీలం స్వెట్టరు వేసుకుంది, ఒంటరిగా వచ్చినట్టుంది. అంతకుముందే అత్తయ్య మోకాళ్ళు చూసి, అడక్కుండానే నీడలో ఉన్న తన బెంచీ ఇచ్చి, తను ఎండలో ఉన్న బెంచీ మీదికి మారింది. ఇప్పుడు లేచి వచ్చి, మా డబ్బాలోంచి ఒక గుడ్డు తీసి, పెంకు ఒలిచి, ఉప్పులో అద్ది నా నోటి దగ్గర పెట్టింది.

"నోరు తెరవండి. ఎవరూ చూడట్లేదులెండి."

తెరిచాను. ముప్పై తొమ్మిదేళ్ళదాన్ని, కొండ మీద నిలబడి ముక్కూ మొహం తెలియని మనిషి చేత్తో తిన్నాను. ఆ గుడ్డు రుచి నాకింకా గుర్తుంది.

అంతలో ఆయన కేక. "పొడుగుది ఇవ్వు, తొందరగా! పక్షులున్నాయి."

గాలి విపరీతంగా ఉంది. లెన్సు మార్చేటప్పుడు కెమెరా నోరు కిందికి తిప్పి పట్టుకోవాలి, లేకపోతే దుమ్ము లోపలికి పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన తొందరలో పైకి పట్టుకున్నాడు. ఊది, నా మెడలో స్కార్ఫు లాగి తుడిచాడు. నేను లెన్సు బిగించాను. ఆ రోజు నుంచి తీసిన ప్రతి ఫోటోలోనూ ఆకాశంలో, పైన కుడిపక్కన, మిరియపు గింజంత నల్ల మచ్చ.

ప్రయాణం నుంచి వచ్చాక స్నేహితుల్ని పిలిచి టీవీలో ఫోటోలు వేయడం ఆయనకు అలవాటు. మచ్చ కనపడ్డ ప్రతిసారీ వేలు పెట్టి చూపించి, "ఇదిగో, మా ఆవిడ సంతకం" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నేను టీ కప్పులు సర్దుతున్నాను. మచ్చ కన్నా ఆ నవ్వు నాకు ఎక్కువ రోత పుట్టించింది.

ఆ రాత్రే అన్నాడు, ఏదో వరమిస్తున్నట్టు. "ఇక నీకు మోత తప్పిందిలే. ఆల్ ఇన్ వన్ జూమ్ ఒకటి కొనేద్దాం. దగ్గరా దూరం అన్నీ ఒకదాంట్లోనే. మార్చే పనే ఉండదు. ఏది మంచిదో నువ్వే చూడు. నీకు టైముంటుందిగా."

నాకు టైముంటుంది! నేను కళ్ళజోళ్ళ షాపులో వెనక గదిలో పని చేస్తాను. పద్నాలుగేళ్ళుగా అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించేది నేను. ముందు ఏసీలో కూర్చునే యజమాని కస్టమర్లతో "మావాడు చాలా నీటుగా చేస్తాడండీ" అంటాడు. ఆ మావాడు నేనే. సాయంత్రం ఇంటికొచ్చి, గోళ్ళ కింది అద్దం పొడి కడుక్కుని వంటింట్లోకి పోతాను. ఆయన దృష్టిలో అదంతా ఖాళీ సమయం.

అయినా నిజం చెప్పాలి. ఆ పని నాకు నచ్చింది. దగ్గరా దూరం ఒకే అద్దంలో కావాలనేవాళ్ళు మా షాపుకి రోజూ వస్తారు. అన్నీ ఇస్తుంది ఆ అద్దం, కానీ అంచుల దగ్గర కాస్త అలుక్కుపోతుంది. కెమెరా లెన్సుకీ అదే సూత్రం. పద్దెనిమిది మిల్లీమీటర్ల నుంచి మూడువందల దాకా లాగే లెన్సు ఒంటిచేత్తో అన్ని పనులూ చేస్తుంది గానీ, మసక వెలుతురులో తడబడుతుంది, మూలల్లో పదును తగ్గుతుంది. రెండువందల దగ్గర ఆగేది ఇంకా తేలిక, మూలలు కూడా నయం. ఏది కావాలో తేలాలంటే ఒకటే దారి. ఆ మనిషి ఇన్నాళ్ళూ ఏ దూరంలో ఎన్ని ఫోటోలు తీశాడో చూడాలి. ప్రతి ఫోటో వెనకా ఆ అంకె దాగి ఉంటుంది. కంప్యూటరు అడిగితే చెబుతుంది.

లెన్సుల షాపులో అమ్మాయి కూడా అదే మాట చెప్పింది. మేం ఇద్దరం వెళ్ళాం. లెన్సుల గురించి అడిగింది నేను, జవాబు మాత్రం షాపు యజమాని ఆయన మొహం చూసి చెబుతున్నాడు. ఆ అమ్మాయి ఒక్కతే కెమెరా తీసి నా చేతికిచ్చింది. "మీరు పట్టుకుని చూడండి మేడం, బరువు తెలియాలిగా." పదకొండేళ్ళుగా మోస్తున్న కెమెరాలోంచి నేను బయటికి చూడటం అదే మొదటిసారి. ఆయన అటుపక్కనుంచి, "నాకు మాత్రం దూరం బాగా రావాలి. చిన్నదిగా ఉండాలి, జనం కంట పడకూడదు" అంటున్నాడు.

మర్నాడు సెలవు పెట్టాను. ఫోటోలన్నీ దూరాన్నిబట్టి వరస పెట్టించాను. మొత్తం ఏడువేల చిల్లర. పద్దెనిమిది దగ్గర కొండలు, మేడలు, ఆయన స్నేహితులు. యాభై దగ్గర అత్తయ్య, టైమరు పెట్టుకుని దిగిన ఆయన. నేనూ ఉన్నాను అక్కడక్కడా. ఒక మోచెయ్యి, ఒక బ్యాగు పట్టీ, ఒకచోట మూత పట్టుకున్న వేళ్ళు. సరే అనుకుని కిందికి పోయాను.

దూరం చివర, సరిగ్గా మూడువందల దగ్గర, మూడువందల ఇరవై ఆరు ఫోటోలున్నాయి. వాటిలో పక్షులు పద్నాలుగు.

మిగిలినవన్నీ ఆడవాళ్ళు. బస్టాండులో నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆవిడ. అవతలి మేడ మీద తల తుడుచుకుంటున్న ఆవిడ. పిల్లకి పాలిస్తున్న ఆవిడ. వంగి చెప్పు సరిచేసుకుంటున్న ఆవిడ. తల కాదు, మొహం కాదు. ఎక్కడ గురి పెట్టాడో లెన్సు దాచదు. ఒక్కరూ కెమెరా వైపు చూడట్లేదు.

లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. ప్రతి ఫోటో చూస్తుంటే తీసిన రోజు గుర్తొస్తోంది. ఇక్కడ నేను గొడుగు పట్టాను. ఇక్కడ "కదలకు, నీడ పడుతోంది" అని కసిరాడు. ప్రతిసారీ ఆ లెన్సు మూత తీసి, తుడిచి, అందించిన చెయ్యి నాది. మూడో చెయ్యి.

చివర మార్చి పదకొండు. రాళ్ళ చాటున కుళాయి. నీలం స్వెట్టరు పక్కన రాతి మీద ఉంది. ఆవిడ మెడా భుజాలూ కడుక్కుంటోంది. తొమ్మిది ఫోటోలు. ప్రతిదాంట్లోనూ పైన కుడిపక్కన నల్ల మచ్చ. ఎవరూ చూడట్లేదులెండి అన్న మనిషి.

మూడు వందల పన్నెండూ చెరిపేశాను. కంప్యూటరులో, కార్డుల్లో, టీవీకి పెట్టే డిస్కులో, వెతికి వెతికి. పక్షుల్ని ఉంచాను, వాటి తప్పేం లేదు. ఇక ఆ దూరం నా చేతుల మీదుగా ఆయన చేతికి పోకూడదు. నాకు తేలింది అంతే. ఎలా చెప్పాలో మాత్రం తేలలేదు. శనివారమే మళ్ళీ ప్రయాణం.

రాత్రి భోజనాల దగ్గర ఆయనే అడిగాడు. "ఏమైంది లెన్సు సంగతి? తేల్చావా, ఇంకా కొలుస్తూనే ఉన్నావా?"

"తేలింది. దూరం చివర మీరు తీసినవి మూడువందల ఇరవై ఆరు. పక్షులు పద్నాలుగు. మిగతావన్నీ ఆడవాళ్ళు, వాళ్ళకి తెలియకుండా. అందుకని ఏ లెన్సూ వద్దు."

ఆయన నవ్వాడు. "ఓహో! దాన్ని స్ట్రీట్ ఫోటోగ్రఫీ అంటారు తల్లీ. లోకమంతా తీస్తుంది. కళ్ళజోళ్ళు బిగించుకునేదానివి, నీకేం తెలుస్తుంది?"

"ఎవరే ఆ ఆడవాళ్ళు?" అంది అత్తయ్య.

"ఎవరెవరో అత్తయ్యా. కొండ మీద మీకు బెంచీ ఇచ్చినావిడ కూడా. స్వెట్టరు విప్పి కుళాయి దగ్గర కడుక్కుంటుంటే." ఆయన వైపు తిరిగాను. "అన్నీ చెరిపేశాను."

కుర్చీ వెనక్కి పడింది. "నా ఫోటోలా? ఎవరినడిగి చెరిపావు? పదకొండేళ్ళ కష్టం అది! నా వస్తువులు ముట్టుకోవడానికి నువ్వెవరే?"

"పదకొండేళ్ళుగా ముట్టుకుంటూనే ఉన్నానండీ. మోయమన్నది మీరేగా."

అత్తయ్య కొడుకు వైపు తిరిగింది. తిట్టే ముందు ఆవిడ గొంతు సవరించుకుంటుంది, ఈసారి అదీ లేదు.

"అలాంటివి తీయలేదు అంటావేమో అని చూశాన్రా" అంది మెల్లగా. "ఎవరినడిగి చెరిపావు అన్నావు."

"అమ్మా, నీకు అర్థం కాదు..."

"నా మోకాళ్ళు చూసి లేచిందిరా ఆ పిల్ల. నేను అడగనైనా లేదు."

టేబులు పట్టుకుని లేచి, చెయ్యి కడుక్కుని, సోఫాలో ఉన్న కెమెరా బ్యాగు రెండు చేతులతో ఎత్తింది. ఒక పక్కకి వంగిపోయింది. నేను గబుక్కున అందుకోబోతే వద్దని తల ఊపింది.

"ఎంత బరువుందే ఇది!" అంది నన్ను చూసి. పదకొండేళ్ళలో ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆవిడ.

"అదెక్కడికి తీసుకెళ్తున్నావు? శనివారం ప్రయాణముంది!"

"నా బీరువాలోకి. వెళ్ళిరా ప్రయాణానికి. కళ్ళున్నాయిగా, మనుషుల్ని చూసినట్టు చూసి రా." గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "నువ్వు రావే. గిన్నెలు వాడు కడుగుతాడు."

వెళ్ళాను. ఆవిడ బ్యాగుని తన మందుల డబ్బా పక్కన పెట్టి, బీరువా తాళం చెవి దిండు కిందికి తోసింది. మంచం మీద గోడవైపు జరిగి నాకు చోటు చూపించింది. కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు మోకాలు పట్టుకుని మళ్ళీ లేచింది. హాల్లో ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. అత్తయ్య ఆ మాటల మీదికి తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేసి, గడియ పెట్టింది.