బాకాల ఇంటి మనవరాలు

మిలిసావ్ వంశంలో చెవుడు లేదు. ఈ మాట ఏ వైద్యుడో చెప్పింది కాదు, మిలిసావే చెప్పాడు. తాత ముత్తాతల నాటి నుంచీ పెళ్ళిళ్ళకీ చావులకీ బాకాలు ఊదుతున్న కుటుంబం వాళ్ళది. ద్రగాచెవో కొండపల్లెల్లో తన మేళం రాని పెళ్ళి పెళ్ళే కాదని ఆయన ఉద్దేశం. అలాంటి ఇంట్లో మనవరాలు పుట్టి, దానికి వినబడకపోవడమా! దేవుడికి అంత ధైర్యం ఎక్కడిది?

ఆ ధైర్యం దేవుడికి ఉందేమోనన్న అనుమానం కోడలు నెవెనాకి పట్టుకుంది.

జనవరి మంచులో పుట్టిన ఇస్క్రా వేసవి మొదట్లో ఊఁ ఊఁ అంటూ కబుర్లు చెప్పేది. కాళ్ళు తన్నుకుంటూ కేరింతలు కొట్టేది. ప్లమ్ పళ్ళు రాలి, పెరట్లో రకియా సారా కాచే రాగి బాన కింద మంట పెట్టే రోజులొచ్చేసరికి ఆ కబుర్లు ఆగిపోయాయి. ఆకలేస్తే ఏడ్చేది, ముఖం కనబడితే నవ్వేది, కానీ ఆ రెండింటికీ మధ్య ఉండవలసిన సొద లేదు. గుమ్మం దగ్గర కుక్క గొంతు చించుకున్నా దాని నిద్ర చెదిరేది కాదు. నెవెనా పెళ్ళికి ముందు చాచక్ పట్టణంలో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే దుకాణంలో పనిచేసింది. ఇప్పటికీ ఇరుగుపొరుగు వాళ్ళు ఇంటికొచ్చి జుట్టు చేయించుకుంటారు. ఊయల పక్కనే డ్రయ్యర్ హోరెత్తుతున్నా పిల్ల కదలదు.

"ఎంత బుద్ధిమంతురాలో!" అని వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

పెరట్లో బండరాయి కూడా బుద్ధిమంతురాలే అనుకుంది నెవెనా.

పుట్టినప్పుడు ప్రసూతి వార్డులో చెవి పరీక్ష చేసే యంత్రం పాడైందన్నారు. బాగుచేయించి కబురు పెడతామన్నారు. అది ఇంకా బాగవుతూనే ఉంది.

"ఒగ్నెన్, దీనికి వినబడటం లేదేమో," అంది ఒకరోజు మొగుడితో.

"నాన్న చూశాడుగా. నిన్న చిటికె వేస్తే తిరిగిందన్నాడు."

"ముఖం ముందు చిటికె వేస్తే దోమ కూడా తిరుగుతుంది."

"ప్రతిదానికీ కంగారే నీకు. నాన్న చెవిన పడితే బాధపడతాడు."

ఒగ్నెన్ మేళంలో పెద్ద డోలు వాయిస్తాడు. ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆపాలో తండ్రి కనుబొమ్మ ఎగరేసి చెబుతాడు. ఇంట్లోనూ అదే పద్ధతి.

అత్తగారు దెసాంకా మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మేక మెడలోని గంట విప్పి, కడిగి, తిరగేసి, అందులో నీళ్ళు పోసి పిల్ల నోటికి అందించింది.

"గంటనీళ్ళు తాగితే గొంతు విచ్చుకుంటుందే. మీ ఆయనకీ ఇలాగే పట్టించాను. మూడేళ్ళొచ్చేదాకా పలకలేదు వాడు."

"ఇప్పుడు మాత్రం ఏం పలుకుతున్నాడు గనక, అత్తయ్యా?"

నెవెనా పిల్లని ఎత్తుకుని ఊరి ఆరోగ్యకేంద్రానికి వెళ్ళింది. డాక్టరు పిల్ల వెనక్కి వెళ్ళి గట్టిగా చప్పట్లు కొట్టాడు. కిటికీ వెలుగులో ఆయన నీడ ఎదుటి గోడమీద రెక్కలు కొట్టుకుంది. పిల్ల ఆ నీడని ఆసక్తిగా చూసి, అది ఎక్కడినుంచి వచ్చిందా అని వెనక్కి తిరిగింది.

"చూశావామ్మా? శుభ్రంగా వింటోంది. మొదటి కాన్పు తల్లులకి ఈ భయాలు మామూలే."

"అది మీ నీడని చూసిందండీ."

"డాక్టరు నువ్వా, నేనా?" అని ఆయన చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుంటూ, "అన్నట్టు, వసంతంలో మా అమ్మాయి పెళ్ళి. మేళం మీ మామగారిదే ఉండాలని చెప్పు," అన్నాడు.

నెవెనా ఆ కబురు మామగారికి చేరవెయ్యలేదు.

అక్టోబరు ఆఖర్న లూకా పునీతుడి పండగ. అది ఆ ఇంటి పండగ, పిలవకుండానే జనం వచ్చే రోజు. పూజారి వచ్చి రొట్టె కోశాడు, కొవ్వొత్తి వెలిగింది, బల్లమీద కాల్చిన పంది మాంసం, క్యాబేజీ చుట్టలు. రకియా తలకెక్కాక మిలిసావ్ లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్ ఒగ్నెన్, డోలు పట్రా! మా కోడలు నా మనవరాలికి చెవుడు అంటగడుతోంది. నలుగురి ముందూ తేలిపోవాలివాళ."

ఇస్క్రాని చెక్కనేల మీద కూర్చోబెట్టారు. తండ్రి కనుబొమ్మ ఎగిరింది, వెనక కొడుకు కర్ర డోలు మీద దిగింది. పిల్ల ఉలిక్కిపడి, రెండు అరచేతులూ నేలకి ఆనించి వెనక్కి చూసింది. గది గదంతా చప్పట్లు.

"ఏమంటావే ఇప్పుడు?"

"నేల అదిరింది మామయ్యా. బల్లమీద గ్లాసులు కూడా ఉలిక్కిపడ్డాయి. వాటికీ వినబడుతుందా?"

పూజారి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మిలిసావ్ ముఖం ఎర్రబడింది.

"అయితే ఎలా వాయించాలో నువ్వే నేర్పు. పెద్ద విద్వాంసురాలివి కదా!"

నెవెనా ఉన్ని బొంతలు మడతలు వేసి సోఫా మీద పరిచింది. పిల్లని చుట్టాలకెదురుగా వాటి మీద కూర్చోబెట్టి, చేతికి రొట్టె అంచు ఇచ్చింది.

"ఎవరూ కదలకండి. మామయ్యా, డోలు వద్దు. మీ బాకా తీసుకుని దాని వెనక గుమ్మంలో నిలబడి ఊదండి. మీకు చేతనైనంత గట్టిగా."

మిలిసావ్ ఊదాడు. కొండ అవతల ఊళ్ళోవాళ్ళు కూడా ఏ పెళ్ళా అనుకుని ఉంటారు. పూజారి భుజాలు ఎగిరిపడ్డాయి. పక్కింటి రాదొయ్‌కా చెవులు మూసుకుంది. ఇస్క్రా రొట్టె చప్పరిస్తోంది.

మళ్ళీ ఊదాడు. ఈసారి మెడనరాలు తాళ్ళలా తేలాయి. చెవులు మూసుకున్న రాదొయ్‌కాని చూసి, తనతో ఆడుతోందనుకుని, ఇస్క్రా పకపకా నవ్వింది.

బాకా దిగింది. దెసాంకా సిలువ గుర్తు వేసుకుంది.

"ఈ పాట దానికి నచ్చలేదు," అన్నాడు మిలిసావ్. ఒక్కరూ నవ్వలేదు.

నెవెనా దగ్గర జవాబులకి కొదవ లేదు. వారాల తరబడి పదును పెట్టి ఉంచుకుంది. కానీ అవేవీ ఇప్పుడు ఆమెకి అక్కర్లేకపోయాయి. తను పొరపాటు పడిందని తేలాలనీ, అందరూ తనని చూసి నవ్వాలనీ ఇన్నాళ్ళూ లోపల్లోపల కోరుకుందని ఆ క్షణంలోనే తెలిసింది ఆమెకి. సోఫా దగ్గర మోకరిల్లి పిల్ల పాదాలు పట్టుకుంది.

ఒగ్నెన్ డోలు భుజం మీంచి తీసి కింద పెట్టాడు. "రేపు బెల్‌గ్రేడ్ వెళ్దాం," అన్నాడు. మిలిసావ్ కనుబొమ్మ ఎగిరింది గానీ కొడుకు అటు చూడలేదు.

బెల్‌గ్రేడ్ ఆస్పత్రిలో నిద్రపోతున్న ఇస్క్రా తలకి తీగలు అంటించి పరీక్ష చేశారు. ఎక్కువ మాటలు లేని చిన్న వయసు డాక్టరమ్మ వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టింది.

"రెండు చెవులూ. దాదాపు ఏమీ వినబడదు. పుట్టుకతోనే వచ్చి ఉంటుంది. మొదట్లో పిల్లలందరూ కబుర్లు చెబుతారు. తమ గొంతు తమకి వినబడకపోతే మెల్లగా మానేస్తారు. త్వరగానే తీసుకొచ్చారు. ముందు చెవి మిషన్లు పెట్టి చూద్దాం. చాలకపోతే ఆపరేషన్ చేసి లోపల అమర్చే పరికరం ఉంది."

వరండాలోకి రాగానే ఒగ్నెన్ గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"నాన్నకి ఎలా చెప్పను?"

"మీ నాన్న సంగతి తర్వాత. నీ కూతురికి ఏ మాటైనా ఎలా చెబుతావో అది ఆలోచించు," అంది నెవెనా. అని, తనూ అక్కడే కూలబడి ఏడ్చింది.

మిషన్లు చాలలేదు. వసంతంలో ఆపరేషన్ అయింది. పరికరాన్ని మొదటిసారి పనిచేయించినప్పుడు ఇస్క్రా జడుసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు తనకే వినబడి ఇంకా ఏడ్చింది. ఆ తర్వాత రోజూ సాధనే. గిన్నె మోగితే గిన్నె చూపించాలి, కుక్క మొరిగితే కుక్కని చూపించాలి. ఒగ్నెన్ పెళ్ళి మేళాలు వదులుకుని మరీ పిల్ల ఎదుట కూర్చుని "బా బా బా" అని నేర్పేవాడు. వేసవి దాటేసరికి ఇస్క్రా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడసాగింది.

ఒక సాయంత్రం నెవెనా పిల్లని చంకనేసుకుని రొట్టె కొనడానికి వెళ్ళింది. పక్కనే సారాయి కొట్టు. తెరిచిన కిటికీలోంచి మామగారి గొంతు వీధి మొత్తానికీ వినబడుతోంది.

"అందరికంటే ముందు కనిపెట్టింది నేనేనయ్యా! గుమ్మంలో నిలబడి బాకా ఊది తేల్చాను. నా చెవి అలాంటిది!"

"బెల్‌గ్రేడ్ తీసుకెళ్ళమని చెప్పింది నేను," అంటున్నాడు పక్కన కూర్చున్న ఆరోగ్యకేంద్రం డాక్టరు.

నెవెనా లోపలికి వెళ్ళి వాళ్ళ బల్ల ముందు నిలబడింది.

"మామయ్యా, ఆ మాట ఇంకోసారి చెప్పండి. ఇప్పుడు ఇది కూడా వింటుంది."

డాక్టరు హఠాత్తుగా ఏదో పని గుర్తొచ్చినట్టు టోపీ అందుకున్నాడు. చెవి వెనక చిన్న యంత్రంతో మనవరాలు మిలిసావ్ మీసాలకేసి చూస్తోంది, ఏమంటాడా అని.

"ఇస్క్రా," అన్నాడు చివరికి, ఎన్నడూ లేనంత మెల్లగా.

పిల్ల "ఆఁ" అంది.

ఆయన గ్లాసు పక్కకి జరిపి రెండు చేతులూ చాచాడు. నెవెనా ఒక్క క్షణం ఆలోచించి పిల్లని అందించింది. "గట్టిగా అరవకండి, దానికి బాగానే వినబడుతుంది," అని, రొట్టెలు అయిపోతాయని పక్క దుకాణానికి నడిచింది.