రాజలింగం ఊదిన బెలూన్లు

రాజలింగం బొగ్గుబాయిలో డ్రిల్లర్. బొగ్గుకు అడ్డొచ్చే బండకు రంధ్రాలు కొట్టడం అతని పని. నౌకరీ దిగాక, 1994 చలికాలంలో భార్య ఈరమ్మతో తార్నాకలో ఉన్న బిడ్డ మహేశ్వరి ఇంటికి వచ్చాడు. దగ్గు కూడా వెంటే వచ్చింది.

ఛాతీ డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు.

"ఇది బొగ్గు ఒక్కటే కాదు పెద్దాయనా, రాతిపొడి. ఊపిరితిత్తుల్లో పాతుకుపోయింది. ఇక బయటికి రాదు. మిగిలిన ఊపిరినైనా కాపాడుకోవాలి. మందులు వేసుకో, రోజూ బెలూన్లు ఊదు."

"పిల్లలాడే బుగ్గలా? నేనా?" అన్నాడు రాజలింగం, తనతో పరాచికాలాడుతున్నాడేమోనని.

ఈరమ్మ ఆ సాయంత్రమే తార్నాక చౌరస్తాలో పెద్ద ప్యాకెట్ కొనేసింది.

మొదట ఇంట్లోనే ఊదాడు. పక్క వాటాల పిల్లలు కొత్తబట్టలు తొడుక్కొని వచ్చి గుమ్మంలో వరసగా నిలబడ్డారు. "కేకు ఎప్పుడు కోస్తరు?" అని అడిగారు. మర్నాడూ అదే వరస. బిస్కెట్లు పంచి పంచి విసిగిన మహేశ్వరి, "నాయినా, రేపటిసంది యూనివర్సిటీకి వొయ్యి ఊదుకో" అని బతిమాలింది.

క్యాంపస్ రోడ్డు పక్కన ఒక సిమెంటు బెంచీ దొరికింది. రాజలింగం ఊదేవాడు, ఈరమ్మ దారం కట్టేది. మెడ నరాలు పొంగేలా ఊదినా బెలూను జామకాయంతే అయ్యేది.

పొద్దున్నే వాకింగ్‌కు వచ్చేవాళ్లు ఆగి, "ఎట్లిస్తున్నవ్?" అని అడిగేవాళ్లు.

"అమ్మేటివి కావు. దవా" అనేది ఈరమ్మ.

దవా అనేసరికి హబ్సిగూడ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నిలబడిపోయాడు.

"మోకాళ్లకు పనిజేస్తదా?"

"ఛాతికి."

"అయినా ఒకటియ్యమ్మా, చూస్త."

ఇచ్చింది. ఆయన దాన్ని మోకాలికి రుద్దుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాడు గుణం కనిపించిందని చెప్పి రెండో మోకాలికి ఇంకొకటి అడిగాడు. వారం తిరిగేసరికి సీతాఫల్‌మండి నుంచి కూడా నడుంనొప్పులవాళ్లు రాసాగారు.

ఆ గుంపును చూసే సుందరరావు స్కూటర్ ఆపాడు. కోస్తా నుంచి వచ్చి క్యాంపస్‌లో పాఠాలు చెప్పుకునే మనిషి. మర్నాడు సెమినార్. హాలు అలంకరించే బాధ్యత ఆయన నెత్తిన పడింది.

"పెద్దాయనా, రేపటికి హాలుకి సరిపడా బూరలు కావాలండి. ఊది పెడతారా?"

ఈరమ్మ కాదనేలోపే రాజలింగం లేచి నిలబడ్డాడు. "పెడ్త సార్!"

నౌకరీ దిగినప్పటి నుంచి అతన్ని ఎవరూ ఒక్క పని చెయ్యమనలేదు. కూర్చో, పడుకో అనేవాళ్లే అందరూ. ఇంటికి పోతూ దగ్గుకు దగ్గుకు మధ్య నవ్వాడు. ఈరమ్మ తానూ కొన్ని ఊదుతానంటే ఒప్పుకోలేదు. "డ్యూటీ నాది" అన్నాడు.

మర్నాడు బెలూన్లను పాత చీరలో మూటగట్టి తెచ్చారు. సుందరరావు మూట విప్పి బిక్కమొహం వేశాడు.

"ఇవేంటండీ, జామకాయల్లా ఉన్నాయి? అవతల చీఫ్ గెస్ట్ వచ్చేస్తున్నారు!"

రాజలింగం వేదిక మీది బ్యానరును కూడబలుక్కుని చదువుతున్నాడు: 'గని కార్మికులు – రాతిధూళి – ఊపిరితిత్తుల జబ్బులు'.

"నా ఊపిరి గంతే ఉన్నది సార్" అని బ్యానరు వైపు వేలు చూపించాడు. "గదే జబ్బు."

సుందరరావు ఒకసారి బ్యానరును, ఒకసారి బెలూన్లను చూశాడు. వాళ్లిద్దరికీ ముందు వరసలో కుర్చీలు వేశాడు. బెలూన్లను ఉన్నవి ఉన్నట్టే కట్టించాడు.

చీఫ్ గెస్టు డాక్టర్ వెంకటసుబ్బారావు ప్రొజెక్టర్ మీద ఊపిరితిత్తుల బొమ్మ పెట్టి మాట్లాడుతున్నాడు. ప్రొజెక్టర్ వేడికి పక్కనున్న బెలూను ఠాప్‌మని పేలింది.

"బ్లాస్టింగ్! పండుండ్రి!" అని రాజలింగం కేక వేసి ముందున్న బల్ల కిందికి దూరాడు.

ఆ ఊపిరితిత్తుల్లోంచి అంత కేక ఎలా వచ్చిందో గాని, హాలు హాలంతా బెంచీల కిందికి దిగిపోయింది. చీఫ్ గెస్టు చేతిలో మైకుతో సహా వచ్చి రాజలింగం పక్కన పడ్డాడు. ఈరమ్మ ఒక్కతే కుర్చీలో నింపాదిగా కూర్చుంది.

"ఎంతసేపుండాలండీ?" అని గుసగుసగా అడిగాడు డాక్టరు. మైకు పుణ్యమా అని అందరికీ వినిపించింది.

"దుమ్ము దిగేదాక సార్."

"మీరు అంతసేపూ ఆగేవారా?"

"యాడ ఆగనిస్తరు? దుమ్ము లేస్తుండంగనే మల్ల డ్రిల్లు వట్టుకొని వోవుడే. నీళ్లు కొడితే దుమ్ము లేవదు గని, నీళ్లు వచ్చిన దినాలు తక్కువ. నా జోడీదారు వెంకటస్వామి గీ దగ్గుతోనే పోయిండు."

డాక్టరు బోర్లా పడుకునే ఇంకో ప్రశ్న అడిగాడు. వెనక బెంచీల కింద నుంచి విద్యార్థులూ అడగడం మొదలుపెట్టారు. రాజలింగం ఆయాసపడుతూ, ఆగి ఆగి అన్నిటికీ చెప్పాడు. టీ తెచ్చినతను ఖాళీ బెంచీలను చూసి కంగారుపడి, చివరికి వంగి ఒక్కొక్కరికీ కిందనే కప్పులు అందించాడు.

సాయంత్రం వాళ్లను ఆటో ఎక్కిస్తూ, వచ్చే నెల ఇంకో సెమినార్ ఉందని, పెద్దాయన తప్పకుండా రావాలని సుందరరావు అన్నాడు. ఇది తగ్గే జబ్బు కాదని ఈరమ్మకు తెలుసు. కాని మొగుడి ముఖం చూస్తే వద్దనబుద్ధి కాలేదు. అతని అంగీని చేత్తో దులుపుతూ చెప్పింది:

"వస్తడు గని సారూ, ఆ బెంచీల కింద జర ఊడ్పియ్యుండ్రి. ఎంత దుమ్మున్నదో!"