తల్లి పురుగులు

రాచర్ల పక్క పల్లెలో ఓబులేసు మాటంటే మాటే. వాన ఎప్పుడొస్తుందో, ఏ గొర్రెకు ఏ జబ్బో, ఏ విత్తు మొలుస్తుందో ఆయన్ను అడిగాకే జనం కదిలేవారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆయన చెప్పిందే జరిగేది. ఈ కథ ఆ పదోసారిది.

రాజధాని కర్నూలు వదిలి హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడది. పత్తికాయలు పగిలే వేళకు చేలలో ఎర్రపురుగు దిగింది. దిగిందంటే అలా ఇలా కాదు, కాయ కనపడకుండా కమ్మేసింది. ఈ పురుగు ఆకు తినదు, పువ్వు తినదు. సూదిలాంటి మూతిని పత్తిలోని గింజలోకి దించి రసం పీల్చేస్తుంది. దూదికి పసుపు డాగు పడుతుంది, గింజ డొల్లవుతుంది.

దూది పోతే పోయిందనుకోవచ్చు. ఓబులేసు దిగులంతా గింజ గురించే. అది ఆయన భార్య శేషమ్మ హనుమంతునిపాడు నుంచి కాపురానికి వస్తూ కొంగున కట్టుకొచ్చిన విత్తనం. పొట్టి చెట్టు, చిన్న కాయ, చూడ్డానికి ఏమీ ఉండదు. కానీ రెండు వానలు పడితే చాలు, పంట చేతికిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఊరంతా ఆ గింజే వేస్తోంది. హనుమంతునిపాడులో మాత్రం ఎప్పుడో దాన్ని వదిలేసి కొత్తరకాలకు ఎగబడ్డారు. ఈ ఏడు ఈ ఊళ్ళో గింజ పోతే ఆ పత్తి ఇక భూమ్మీద లేనట్టే.

పురుగు పడితే ఊళ్ళో చేసే పని ఒకటుంది. చేను గట్టున పత్తిగింజలు దంచి చిన్న చిన్న కుప్పలు పోసి, పైన తడిగోనె కప్పుతారు. తెల్లారేసరికి పురుగంతా అక్కడికి చేరుతుంది. గోనె ఎత్తి మరిగే నీళ్ళు పోస్తారు. ఆ పొద్దున ఓబులేసు గోనె ఎత్తాడు కానీ నీళ్ళు పోయకుండా ఆగిపోయాడు. చిన్నవాటి మధ్య అక్కడక్కడా పెద్దవి కొన్ని కనిపించాయి. అదే ఎరుపు, అదే నడక. ఒక్కొక్కటి ఒక్కో చిన్నదాన్ని మూతికి తగిలించుకుని తిరుగుతోంది.

"ఇవి తల్లులే శేషమ్మా," అన్నాడు ఓబులేసు. "పిల్లల్ని మోసుకోని తిరుగుతాండాయి చూడు. తల్లిని చంపితే ఇంక పిల్ల యాడిది?"

శేషమ్మ వంగి చూసింది. ఆమెది నిదానమైన చూపు. "వీటి వీపున మచ్చల్లేవు కదయ్యా. చిన్నవాటికి రెండు నల్లమచ్చలుండాయి. తల్లికి లేని మచ్చ పిల్లకెట్ల వస్తాది?"

"వయసొచ్చి నీ జుట్టు తెల్లబడలా? అట్లనే వయసొస్తే మచ్చా పోతాది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఓబులేసు ఆ పొద్దే ఊరంతా తిరిగి చెప్పాడు. చిన్నవాటికి నీళ్ళు కాచి కట్టెలు తగలెయ్యొద్దు, మచ్చలేని పెద్దవాటిని ఏరండి, ఏ ఒక్కదాన్నీ వదలొద్దు అన్నాడు. కిరసనాయిలు కలిపిన నీళ్ళ కుండలు చంకన పెట్టుకుని ఇంటిల్లిపాదీ చేలమీద పడ్డారు. ఇరవై రోజులు తిరిగేసరికి పెద్దవి కళ్ళబడటమే అరుదైపోయింది. ఓబులేసు మీసం దువ్వాడు. చిన్నవి మాత్రం తగ్గలేదు సరికదా, పదింతలయ్యాయి.

అప్పుడు గిద్దలూరు నుంచి వ్యవసాయశాఖ ఉద్యోగి శేషాద్రి సైకిలు మీద వచ్చాడు. కుర్రవాడే గానీ పనిమీద మనసున్నవాడు. చేలో నడుస్తూ ఒక చిన్న పురుగును పట్టాడు. కుండలో తేలుతున్న పెద్దదాన్ని ఒకదాన్ని తీశాడు. రెంటినీ అరచేతిలో వెల్లకిలా పెట్టి, భూతద్దం ఓబులేసు చేతికిచ్చాడు.

"చూడండి పెద్దాయనా. చిన్నదాని మెడకు తెల్లపట్టీ ఉంది. కడుపు మీద అడ్డంగా తెల్లచారలున్నాయి. పెద్దదానికి పట్టీ లేదు, చారలూ లేవు, రెక్కల మీద మచ్చలూ లేవు. ఇవి తల్లీపిల్లలు కావు. దూరపు చుట్టాలు, అంతే. ఈ పెద్దది గింజ జోలికే పోదు. ఆ మచ్చలదాన్ని పొడిచి, దాని రసం తాగి బతుకుతుంది."

"మోసుకోని తిరుగుతాండాయి అనుకుంటి సారూ."

"మోయడం కాదు, తినడం."

చేను కాచే పురుగుల్నే ఓబులేసు తానే ఏరి చూపించి చంపించాడు. పక్కనే ఉన్న శేషమ్మ ముఖం చూడలేక తల దించుకున్నాడు. ఆమె ఒక్క మాట అంటే బాగుండుననిపించింది.

"ఏమన్నా దారుందా సారూ?" అన్నాడు చివరికి.

"పైకొమ్మల కాయలు ఇంకా పగల్లేదు కదా. ఇవ్వాళే ఏరడం ఆపండి. ఇన్ని చిన్నవాటికి ఇక మరిగే నీళ్ళు చాలవు. ఆ పెద్దవి ఎక్కడో కొన్ని మిగిలే ఉంటాయి. అవి పెరిగితే ఆ కాయల్లో నాలుగు గింజలన్నా దక్కుతాయి."

ఓబులేసు తువ్వాలు కూడా భుజాన వేసుకోకుండా గడప గడపకూ పోయాడు. రెండు పురుగుల్నీ చేతిలో పెట్టుకుని చారలు చూపించాడు, తప్పు తనదేనన్నాడు, దణ్ణం పెట్టాడు. జనం ఆయన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు.

పక్క చేను గురుస్వామి అయితే నవ్వేశాడు. "ఆ సైకిలాయన నిన్ను బాగా బెదిరించినాడే మామా. నిన్న మొన్న వచ్చినోడు. ఆయన మాటిని నీ మాట కాదంటామా? వయసొస్తే మచ్చ పోతాదని నువ్వే కదా చెప్పింది."

"నేను చెప్పింది తప్పు అల్లుడా."

"నువ్వు తప్పు చెప్పడం మేమెప్పుడు చూసినాం?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా లాభం లేదంటారు. ఇక్కడ ఆకులు కూడా చేతికందలేదు. ఇరవై రెండేళ్ళు నిజం చెప్పి సంపాదించుకున్న నమ్మకం ఇప్పుడు ఆయన మెడకే చుట్టుకుంది. మూడు రోజులు చేలగట్ల మీద కాపలా తిరిగాడు. ఒక గట్టు మీద ఆపితే ఇంకో గట్టు మీద ఏరారు.

నాలుగో రోజు పొద్దెక్కాక గురుస్వామి కుండతో ఇంటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "గొర్రెలబాట తుమ్మచెట్ల కింద దాక్కోనుండాయి మామా. నువ్వు తిండి మానేసి దిగులు పడతాండావని మేం నలుగురం పోయి ఏరినాం. ఇంక మన పొలిమేరలో ఒక్క తల్లి కూడా లేదు."

ఓబులేసు కుండను అరుగు మీద వంచాడు. ఒక్కొక్క పురుగునే వెల్లకిలా తిప్పాడు. దేని కడుపు మీదా తెల్లచార లేదు. అడుగున చివరిదాకా తిప్పాడు. ఒకటి కూడా కదల్లేదు.

"బాగా చేసినామా మామా?" అన్నాడు గురుస్వామి.

"చేసినారు అల్లుడా. నేను చెప్పినట్టే చేసినారు," అని ఓబులేసు అరుగుమీద కూలబడి, వీధి వీధంతా వినేలా ఏడ్చాడు.