మూడో బిళ్ళ

పెద్దక్క సంచి సర్దితే అందులో సూదికి కూడా తోడుంటుంది. రెండు టార్చిలైట్లు, రెండు అగ్గిపెట్టెలు, రెండు చాకులు. ఏ వస్తువైనా ఒంటరిగా ఉంటే ఆమెకు మనసొప్పదు. నలభై ఏళ్ళు ఇంటి ముందుగదిలో కుట్టుమిషను తొక్కిన మనిషి. గుమ్మం దాటి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా ఆమె సూది నడవదు.

"వదినా, వెళ్ళేది మూడు రాత్రులకే, మూడు తరాలకు కాదు," అన్నాడు మరిది.

"కీడెంచి మేలెంచమన్నారు. నువ్వెళ్ళి గుడ్లు ఉడికాయేమో చూడు."

పక్షుల గూళ్ళు లెక్కపెట్టటం చెల్లెలి ఉద్యోగం. వరదొస్తే నది పరుచుకునే పల్లపు నేలలు అవి, రక్షిత ప్రాంతం. వానలు ముదరకముందు ఏటా చెల్లెలూ, ఆమె భర్త అయిన ఈ మరిదీ అక్కడ మూడు రాత్రులు గుడారం వేసుకుంటారు. కుళాయి, దీపం, మరుగుదొడ్డి ఏవీ ఉండవు. ఫోనుకు సిగ్నలు కూడా అందదు. ఆ మూడు రోజులూ పెద్దక్క కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. ఈసారి ఇక ఆ అవస్థ పడలేక, నేనూ వస్తానని సంచిలో తన చీరలు కూడా పెట్టుకుంది. అవీ రెండే.

పల్లం అంచున కరకట్ట. దాని మీద ఒక గేటు, గేటు పక్కన చిన్న గది. గది గోడకు మేకులు కొట్టిన చెక్క బోర్డు ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళు తలా ఒక ఇత్తడి బిళ్ళ మేకుకు తగిలించి వెళ్ళాలి. బయటికొచ్చినప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసి పెట్టెలో వెయ్యాలి. అక్కడి కాపలాదారుని అందరూ బిళ్ళల బాబాయి అంటారు.

"నాకు మొహాలు గుర్తుండవమ్మా," అన్నాడాయన పెద్దక్కతో. "మా ఆవిడ చీర మార్చినా కంగారు పడతాను. ఈ బోర్డొక్కటే నమ్ముతాను. పైన డ్యాము తలుపులెత్తితే ఫోనొస్తుంది, సైరన్ మోగిస్తాను. మేకు మీద బిళ్ళుంటే వెళ్ళి మనిషిని తెస్తాను. లేకపోతే తాళం వేసి కింది గేటుకు పోతాను."

మూడు రోజులు పెద్దక్క అనుకున్నంత ఘోరంగా ఏమీ గడవలేదు. నీటికి డెబ్బై అడుగులు దూరంగా మరిది మరుగుదొడ్డికి బదులుగా జానెడున్నర గొయ్యి తవ్వి, "ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు వదినా, అందుకే ఇది నీ చేత తవ్వించలేదు," అన్నాడు. నిప్పు ఇనప పళ్ళెంలోనే వెయ్యాలి. చెత్తంతా మూటగట్టి వెనక్కి మోసుకుపోవాలి. గుడారం ఉండేదన్న ఆనవాలు కూడా మిగలకూడదు.

ఒక్కటే ఆమెను కలవరపెట్టింది. చెట్ల కొమ్మల్లో, తల కన్నా రెండు మూరల ఎత్తున, ఎండుగడ్డి చిక్కుకుని ఉంది.

"ఈ పిట్టలకు గూడు కట్టే పద్ధతే తెలీదేమిటే?"

"అది గూడు కాదక్కా. పోయినేడు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి."

ఆ తర్వాత పెద్దక్క మళ్ళీ తలెత్తి చూడలేదు.

నాలుగోనాడు పొద్దున పదిన్నరకు బయల్దేరారు. ఎక్కడా వాన చినుకు లేదు. "మీరిద్దరూ నడవండి. గొయ్యి పూడ్చి, బూడిద చల్లార్చి వెనకాలే వస్తాను," అన్నాడు మరిది. ఆడవాళ్ళు పావుగంటలో గేటు చేరారు. బాబాయి గదిలో లేడు. వెనక కొట్టంలో పడవకు తారు పూస్తున్నాడేమో, వాసన వస్తోంది. చెల్లెలు తన బిళ్ళ పెట్టెలో వేసి, బస్సొస్తే ఆపాలని సంచులతో రోడ్డుకు సాగింది. పెద్దక్క కూడా తన బిళ్ళ తీసింది.

బోర్డు మీద ఒకే ఒక్క బిళ్ళ మిగిలింది, గాలికి ఊగుతూ. ఆమె కళ్ళు ఆ దృశ్యాన్ని ఓర్చుకోలేకపోయాయి. మనిషి వెనకే వస్తున్నాడు, ఇంకో పావుగంట, అంతేగా. ఒంటరిగా వదిలేసి వెళ్ళటం అపశకునంలా తోచింది. దాన్నీ తీసి మిగతా రెంటితో కలిపి పెట్టెలో వేసింది. మనసు కుదుటపడింది. అరమైలు దూరంలోని బస్టాపుకు చెల్లెలి వెనకే నడిచింది.

అరగంట గడిచింది. మరిది రాలేదు. పదకొండుంబావుకు గేటు దగ్గర సైరన్ కూసింది.

ఇద్దరూ గేటుకు పరుగెత్తారు. తాళం వేసుంది. బాబాయి లేడు.

"హమ్మయ్య, బాబాయి మా ఆయన కోసం వెళ్ళాడన్న మాట," అంది చెల్లెలు రొప్పుతూ. "బిళ్ళ చూసుంటాడుగా."

పెద్దక్క గేటు కడ్డీలు పట్టుకుంది. "బిళ్ళ లేదే."

"లేకపోవటమేమిటి?"

"నేను తీసేశాను. మూడూ నేనే... నీది కాదు, నాదీ, మరిదిదీ."

చెల్లెలు ఆమెను తిట్టలేదు. గోడ మీదున్న నంబరుకు ఫోను చేస్తూనే ఉంది, ఎత్తేసరికి పావుగంట పైనే పట్టింది. బాబాయి రెండు మైళ్ళ అవతల కింది గేటు దగ్గరున్నాడు. అక్కడి ఐదు బిళ్ళల మనుషుల్నీ పైకి చేర్చి ఊపిరి పీల్చుకుంటున్నాడు.

ఆయన సైకిలు మీద వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. ఆడవాళ్ళు నడిచొచ్చిన బాట అప్పటికే ఎర్రటి నీళ్ళ కింద ఉంది.

"బాబాయ్, తప్పు నాదే," అంది పెద్దక్క.

"ఆ బిళ్ళొక్కటి ఉంటే గంట కిందటే ఆరిన నేల మీద నడిచెళ్ళి, చెయ్యి పట్టుకుని తెచ్చేవాణ్ణమ్మా." కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. కొట్టంలోంచి పడవ లాగుతూ, "అబ్బాయికి ఈతొచ్చా?" అని అడిగాడు.

"రాదు," అంది చెల్లెలు.

"నాకొచ్చులే," అని తెడ్డు నీళ్ళలో వేశాడు.

పెద్దక్కకు వెళ్ళొద్దనాలనిపించింది, త్వరగా వెళ్ళమనాలనీ అనిపించింది. పడవ తుమ్మచెట్ల మధ్యకు పోయి కనపడకుండా పోయింది.

ఒంటిగంటకు మరిది వచ్చాడు. నీటి మీంచి కాదు, కరకట్ట మీద నడిచి, పై వైపునుంచి. పక్షుల గుంపు ఒక్కసారిగా లేచిపోవటం చూసి అనుమానం వచ్చిందట. బాట పల్లంలో ఉందని, గుడారం వదిలేసి, దిబ్బ మీదుగా ఎగువకు పోయి చుట్టు తిరిగి వచ్చాడట. మోకాలిదాకా బురద తప్ప దెబ్బ ఒక్కటి కూడా లేదు. చెల్లెలు అతని చొక్కా పట్టుకుని ఏడ్చింది.

"ఏమైంది? అందరూ బాగానే ఉన్నారుగా?" అన్నాడతను.

పెద్దక్క గొంతు చించుకుని "బాబాయ్, వచ్చేశాడు! నువ్వు వచ్చెయ్!" అని నీళ్ళ మీదకు కేకలు వేసింది. మరిది సైరను మీట తిప్పాడు. చీకటి పడేదాకా అలా పిలుస్తూనే ఉన్నారు. మర్నాడు ఐదు మైళ్ళ కింద, వంతెన స్తంభానికి ఆనుకుని పడవ దొరికింది. తొమ్మిది రోజులు వెతికారు.

బిళ్ళల బాబాయి ఆ గురువారం మధ్యాహ్నం పన్నెండూ పదికి గేటు దగ్గర పడవ ఎక్కాడు. తిరిగి రాలేదు.