కార్లకెక్కిన తిమ్మిరి

పొద్దున్నే షెడ్డు షట్టరు పైకి లేపగానే మేస్త్రి భార్య చేసే మొదటి పని టీ పెట్టడం. రెండో పని, తిరిగొచ్చిన కారేదైనా ఉంటే దాని సంగతి చూడటం. కొత్తగా వచ్చే కార్లు మేస్త్రివి. రిపేరై వెళ్ళి, నాలుగు రోజులకే ఏదో ఒక రోగంతో వెనక్కొచ్చేవి ఆమెవి. పెళ్ళయిన కొత్తలో మొగుడూపెళ్ళాలు చేసుకున్న ఒప్పందం అది. తన పనిలో తనే తప్పు పట్టుకోవడం ఎంతటివాడికైనా కష్టమే మరి. ఎవరి వంట వాళ్ళకి రుచి!

ఆమె ముందుగా బానెట్ తెరవదు. కారు తెచ్చిన మనిషిని స్టూలు మీద కూచోబెట్టి, టీ గ్లాసు చేతికిచ్చి అడుగుతుంది. "ఈ గోల రిపేరుకి ముందే ఉందా, తర్వాత మొదలైందా? మా ఆయన ఏం పని చేశాడు?" తర్వాతే మొదలైందంటే ఇంజనంతా గాలించక్కర్లేదు. చివరిసారి చెయ్యి ఎక్కడ పడిందో అక్కడే మొదట చూడాలి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటుంది. అందుకని అందరూ ఆమెని డాక్టరమ్మ అంటారు. కోపం లేనప్పుడు మేస్త్రీ అలాగే పిలుస్తాడు.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. మేస్త్రి చెయ్యి పడ్డ కారుకి ఓ పది రోజులపాటు మేస్త్రి ఒంట్లో ఉన్నదే ఉంటుంది. ఆయనకి జలుబు చేస్తే ఆ వారం చేసిన కార్లన్నీ తుమ్ముతాయి. ఒకసారి పంటి నొప్పితో అవస్థ పడుతూ బాగుచేసిన వ్యాను, రేడియేటర్లో చన్నీళ్ళు పోయబోతే మూత తెరవనివ్వలేదు. పెళ్ళికి ముందైతే చెప్పనే అక్కర్లేదు, ఆమె వీధిలో కనబడితే చాలు, ఆయన చేసిన కార్లన్నీ హారన్లు కొట్టేవి. ఆ రొద భరించలేకే మామగారు పిల్లనిచ్చాడని ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఎవరికీ ఇదేం వింత కాదు. "మేస్త్రికి ఎక్కిళ్ళటగా, కారు ఎల్లుండి ఇద్దాంలే" అని వాయిదా వేసుకునేవాళ్ళూ ఉన్నారు.

ఒకసారి ఒకే వారంలో మూడు కార్లు తిరిగొచ్చాయి. నెలకి ఒకటొస్తే ఎక్కువ అనుకునే షెడ్డుకి!

మొదటిది మందుల షాపాయనది. ఆగి ఉన్నప్పుడు ఇంజన్ గజగజ వణుకుతోంది. చూస్తే వెనకాల గాలి గొట్టం సగమే దూర్చి ఉంది. రెండోది టాక్సీ పెద్దాయనది, ప్లగ్గులు మార్పించుకున్న మర్నాటి నుంచే ఎత్తు ఎక్కలేక రొప్పుతోంది. నాలుగో ప్లగ్గు వైరు పూర్తిగా ఎక్కలేదు. మూడోది టీచరమ్మ తెల్ల కారు. స్టార్టర్ కొత్తది వేయించుకుంది పాపం, అయినా ఒకసారి అంటుకుంటే రెండుసార్లు మొరాయిస్తోంది. డాక్టరమ్మ వెనకవైపు చెయ్యి పోనిచ్చి తడిమింది. ఎర్త్ వైరు బోల్టు వేళ్ళతోనే ఊడొచ్చింది.

"ఇంకేమైనా తేడా ఉందా టీచరుగారూ?" అని అడిగింది బోల్టు బిగిస్తూ.

"ఎలా చెప్పాలో తెలీట్లేదండీ. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఎడమ చక్రం ఎక్కినట్టు తెలుస్తుంది, కుడి చక్రం ఎక్కిందో లేదో తెలీదు. నిన్న కుడివైపు గోడకి రాసుకుపోతున్నా కారుకి చీమ కుట్టినట్టైనా లేదు. నాకే సిగ్గేసింది."

డాక్టరమ్మ చేతిలో పానా ఆగింది. టాక్సీ పెద్దాయన కూడా పోతూ పోతూ "కుడివైపు కాస్త మొద్దుబారిందమ్మా" అనే పోయాడు. పట్టించుకోలేదు తను. మూడు తప్పులూ ఒక్కచోటే. ఇంజన్ వెనకాల, కన్ను ఆనని చోట, వేళ్ళతో తడుముకుని బిగించాల్సినవి. టీచరమ్మని పంపేసి, రెండు గ్లాసుల్లో టీ పోసుకుని మేస్త్రి దగ్గరకి వెళ్ళింది.

ఆయన ఎడం చెయ్యి చాపాడు.

"కుడి చేత్తో తీసుకోండి."

"ఏం, ఎడం చేత్తో తాగితే టీ చేదవుతుందా?"

"తీసుకోండి ముందు."

మేస్త్రి గునుస్తూనే కుడి చెయ్యి చాపాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగిపోయి గుంట పడి ఉంది. చిటికెన వేలి పక్కన పెద్ద బొబ్బ.

"ఇదెప్పుడు కాలింది?"

"ఏది?" అన్నాడు మేస్త్రి. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకున్నాడు. "సైలెన్సర్ పైపు తగిలినట్టుంది. తెలీలేదు."

ఆమె గ్లాసులు కింద పెట్టి, ఆయన పక్కనే టైరు మీద కూలబడింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది నెలలు. ముందు చిటికెన వేలు, తర్వాత పక్కది."

"ముప్పై ఏళ్ళు కాపురం చేసిన నాకు చెప్పని మాట కార్లకి చెప్పుకున్నారా!"

"నేను చెప్పలేదే. వాటంతట అవే..."

"వాటికున్న బుద్ధి మీకు లేకపోయింది!" ఆమెకి కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు కానివ్వాలో తెలీక ముక్కు చీదుకుంది. "రేపు బ్రేకుల పని ఒప్పుకున్నారు. మీ చేతికి తెలీని బోల్టుని నమ్ముకుని ఎవరి బిడ్డలో ఎక్కుతారు ఆ కారు. ఆ ధ్యాసైనా ఉందా?"

"రేపు పొద్దున్న వద్దని చెప్పేద్దామనే అనుకున్నా." మేస్త్రి తల దించుకున్నాడు. "గోడౌన్‌లో వాచ్‌మన్ పని ఉందట, మాట్లాడి వచ్చాను. మా నాన్నకీ చిటికెన వేలితోనే మొదలైంది. రెండేళ్ళలో చెయ్యి ఎండుపుల్లయింది. పదిహేనేళ్ళు గుమ్మంలో కూచుంటే మా అమ్మ అన్నం తినిపించింది. డాక్టరు దగ్గరకెళితే అదే మాట చెబుతాడు. విననంత కాలం నా చెయ్యి నాదే అనుకున్నా."

ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడగా ఆమె ఎప్పుడూ వినలేదు. కాసేపు ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచింది.

"లేవండి. ఆ బానెట్ కింద పని చేస్తున్నట్టు నిలబడండి."

"పిచ్చా ఏంటే?"

"లైటు వెలగకపోతే తప్పు బల్బుదే అంటారా? వైరు పొడుగునా చూడరూ? నిలబడండి."

మేస్త్రి నిలబడ్డాడు, ముప్పై ఏళ్ళుగా నిలబడ్డట్టే. కుడి మోచెయ్యి కారు అంచు మీద ఆనించి, ఒంటి బరువంతా దాని మీదే వేసి, ముందుకి వంగాడు. ఆమె ఆ మోచేతి వైపే చూసింది. కాయ కాచి, నల్లగా, బండబారి ఉంది.

"మీ నాన్నా ఇలాగే నిలబడేవాడా?"

మేస్త్రి తన మోచెయ్యి వైపు చూసుకున్నాడు. తండ్రి కూడా మేస్త్రే. పని నేర్పింది ఆయనే. ఎలా నిలబడాలో కూడా ఆయన్ని చూసే నేర్చుకున్నాడు.

మర్నాడు బ్రేకుల కారాయనకి వేరే షెడ్డు చూసుకోమని చెప్పి, ఇద్దరూ బస్సెక్కి పెద్దాసుపత్రికి పోయారు. చేతుల డాక్టరు కుర్రవాడు. మోచేతి లోపలివైపు వేలితో ఒక్క పోటు పొడిచాడు. కరెంటు కొట్టినట్టు మేస్త్రి కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"నరం ఇక్కడ నలిగిపోయిందండీ. కోసి వదులు చెయ్యాలి. ఇంకో రెండు నెలలు ఆగుంటే కోసినా ప్రయోజనం ఉండేది కాదు. ఎవరు పంపారు మిమ్మల్ని?"

"తెల్ల కారండీ," అంది డాక్టరమ్మ.

డాక్టరు కాగితం మీద రాసుకుంటూనే తలాడించాడు. "కార్లు నయం. మనుషులైతే ఏడాదైనా దాస్తారు. కానీ ముందే చెబుతున్నా, కండ నిలబడుతుంది. వేళ్ళకి స్పర్శ వస్తుందో రాదో నేను మాటివ్వలేను."

ఆపరేషన్ అయింది. ఆ రోజుల్లో షెడ్డు పనంతా ఆమే చేసింది. మేస్త్రి స్టూలు మీద కూచుని, కట్టు కట్టిన చెయ్యి మెళ్ళో వేలాడదీసుకుని, నోటితో మేస్త్రీతనం చేశాడు. "అర చుట్టు చాలు, ఇంకా తిప్పకు", "అయ్యో, అది కాదే, దాని పక్కది!" ఆమె ఒకసారి విసుక్కుని "మీ నోటికి కూడా కట్టు కట్టమనాల్సింది" అంది. కార్లు తిరిగి రాలేదు.

కట్టు విప్పారు. మూడు వారాలయ్యాయి, ఆరయ్యాయి. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు కళ్ళు మూసుకోమని దూదితో రాసేవాడు. చిటికెన వేలి దగ్గరకొచ్చేసరికి మేస్త్రి "ఏమీ లేదండీ" అనేవాడు. ఆరో వారం కూడా అదే మాట. "ఇంకా చూద్దాం" అన్నాడు డాక్టరు, కానీ ఆ మాట మేస్త్రి మొహం చూసి అనలేదు.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. మేస్త్రి కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

"వాచ్‌మన్ పని ఇంకా ఖాళీగానే ఉందట," అన్నాడు కొంతసేపటికి.

ఆమెకి నోరు తెరిస్తే ఏడుపే వచ్చేట్టుంది. ఆయన కుడి చెయ్యి లాక్కుని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకే తెలీదు. బస్సు రెండు స్టాపులు దాటింది.

"నెమ్మదే," అన్నాడు మేస్త్రి, కిటికీ వైపే చూస్తూ. "చిటికెన వేలు నలిగిపోతోంది."

అని, తనేం అన్నాడో తనకే వినబడి, గిరుక్కున ఇటు తిరిగాడు.

ఆమె వదల్లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది.

"అబ్బా!" అన్నాడు మేస్త్రి, కళ్ళనిండా నీళ్ళతో. "మళ్ళీ నొక్కు."